శ్రావణం పెళ్లిళ్లకి పాత టై సన్నం చేస్తున్నారా? కత్తెర పట్టే ముందు ఇవి చూసుకోండి

ఆషాఢం కాబట్టి ఇప్పుడు పెళ్లిళ్లు లేవు, శ్రావణం రాగానే వరసగా రిసెప్షన్లు. బీరువాలో పడున్న నాన్నగారి టైలు తీసి ఇప్పటి కోట్లకి తగ్గట్టు సన్నం చేసుకోవాలంటే ఇదే సమయం. ముహూర్తాలు మొదలయ్యాక ఏ టైలరూ ఇంత చిన్న పని ముట్టుకోడు.

మా నాన్న తొంభైల్లో మెడికల్ రెప్. హైదరాబాద్ ఎండలో టై కట్టుకుని స్కూటర్ మీద తిరిగిన మనిషి, ఆయన టైలు కింద దాదాపు నాలుగు అంగుళాల వెడల్పుంటాయి. మొదటిది నేనే పాడుచేశాను. పెళ్లికి ముందు రోజు రాత్రి ట్యూబ్‌లైట్ కింద కూర్చుని, టై విప్పకుండానే రెండు అంచులూ వెనక్కి మడిచి మిషన్ మీద లాగించేశాను. తెల్లారి చూస్తే మెలితిరిగి ఉంది, కుట్టు విప్పితే పట్టు నిండా సూది రంధ్రాలు. ఆ టై ఇక తిరిగి రాదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

టై గుడ్డని ఐమూలగా, అంటే 45 డిగ్రీల ఏటవాలులో కత్తిరిస్తారు. ముడి వేసినప్పుడు సాగి, విప్పాక మళ్లీ యథాస్థితికి రావడానికే అది. మంచి టైలకి వెనక మధ్యలో పైనుంచి కిందిదాకా ఒకే పొడవాటి దారంతో వదులుగా చేతికుట్టు వేస్తారు, చాలా టైలకి చివర్లో ఆ దారం చిన్న ఉచ్చులా మిగిలి ఉంటుంది. ఊడిన దారం అనుకుని దాన్ని కత్తిరించకండి, టై సాగడానికి వదిలిన దారమది. మిషన్ కుట్టు వేస్తే ఆ సాగడం ఆగిపోతుంది.

అన్ని టైలూ ఈ పనికి పనికిరావు. అల్లిక టైని కత్తిరిస్తే పోగులు ఊడిపోతాయి. లోపల కాన్వాస్, అంటే టైకి ఆకారం నిలిపే మందపాటి గుడ్డ, లేకుండా పట్టునే ఏడు మడతలు వేసి చేసినవి ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ముడి పడే చోట వేళ్లతో మెల్లగా లాగి చూడండి. ఏళ్ల చెమటకి పట్టు చివికి చీలుతుంటే ఆ టై దాచుకోవాల్సిందే. పాత అంచు మడత గీత గురించి మాత్రం టెన్షన్ వద్దు, సన్నం చేశాక అది వెనక్కి పోతుంది.

ముందు ఒక పాత పాలియెస్టర్ టై మీద చెయ్యి తిప్పుకోండి. అసలుది విప్పే ముందు వెనక వైపు రెండు మూడు ఫోటోలు తీసుకోండి. మెడ చుట్టూ ఉండే భాగం విప్పే అవసరం లేదు, కానీ కుట్టంతా ఒకే దారం కదా, ఎక్కడ ఆపారో అక్కడ ముడి వేయకపోతే మిగతాదీ జారిపోతుంది. కింద మొనకి అస్తరు అతికిన రెండు ఏటవాలు కుట్లని అస్సలు విప్పకండి, ఆ మొనని మళ్లీ అంత పదునుగా తేవడం ఇంట్లో చాలా కష్టం.

కత్తెర ముందు పడాల్సింది లోపలి కాన్వాస్ మీద, పట్టు మీద కాదు. కాన్వాస్‌కి నడుమ సుద్దతో గీత గీసి, నాలుగు అంగుళాలది మూడుకి తేవాలంటే అటు అర, ఇటు అర అంగుళం కొలిచి, పైకి వెళ్లేకొద్దీ పాత వెడల్పులో కలిసిపోయేలా గీసుకోండి. ఒకే వైపు తగ్గిస్తే మొన పక్కకి పోతుంది. కోటు కాలర్ మడత వెడల్పుకి దగ్గరగా ఉంటే చాలు, మరీ సన్నం చేస్తే వెనకున్న సన్న కొస బయటికి కనిపించొచ్చు కాబట్టి దాన్నీ కొలవండి. పట్టుని, గీత ప్రకారం కత్తిరించి సన్నం చేసిన కాన్వాస్ చుట్టూ మడిచి కచ్చా కుట్లు వేసి, అద్దం ముందు ఒకసారి కట్టి చూశాకే, వెనక ఎక్కువైన పట్టుని, అదీ లోపలికి మడవడానికి కొంచెం ఉంచి, తీయండి.

దారం కోసం జనరల్ బజార్‌కో సుల్తాన్ బజార్‌కో వెళ్తే టై వెంట తీసుకెళ్లి పగటి వెలుతురులోనే రంగు కలపండి. చీరకి ఫాల్ వేసినంత ఓపికగా, దారం బిగించకుండా చేత్తో కుట్టాలి. ముందు వైపు పట్టుకి సూది తగలకూడదు.

ఇస్త్రీ బండికి ఇవ్వకండి, బొగ్గుల పెట్టె వేడి మన చేతిలో ఉండదు. ఇంట్లోనే పాత పంచె ముక్క పైన వేసి తక్కువ వేడితో, అంచులు నొక్కకుండా చేయండి. అంచు గుండ్రంగా ఉంటేనే టై టైలా ఉంటుంది. నీళ్లు చల్లితే పట్టు మీద మరకలు పడతాయి. పైగా వానాకాలం, గాలిలోనే తేమ, కాబట్టి వెంటనే డబ్బాలో పెట్టి మూయకుండా ఒక రోజు హ్యాంగర్‌కి వేలాడదీయండి.

రిసెప్షన్ అయ్యాక సన్న కొసని ముడిలోంచి ఒక్క లాగుతో లాగేయకండి, కట్టిన వరసకి వెనక్కి విప్పండి. చేతికుట్టు తెగేది ఎక్కువగా అప్పుడే.