రోహిణి కార్తె రాకముందే: పాత అంబాసిడర్‌కు ఎలక్ట్రిక్ వాటర్ పంపు పెట్టించేవాళ్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. పాత అంబాసిడర్ నడిపేవాళ్లకు ఆ రోజుల్లో సగం చూపు టెంపరేచర్ మీటర్ మీదే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ నెమ్మదిస్తుంది. దాని బెల్ట్‌తో తిరిగే వాటర్ పంపు, ఫ్యాను కూడా నెమ్మదిస్తాయి. గాలీ నీళ్లూ బాగా తిరగాల్సిన సమయంలోనే తగ్గిపోతాయి. ఇంజిన్ వేగంతో పని లేకుండా నీళ్లు తిప్పే ఎలక్ట్రిక్ పంపు మీద చాలామందికి మనసు పోయేది ఇందుకే. మా 1970 మార్క్ 2 అంబాసిడర్‌కీ పెట్టించాం. పని మంచిదే, కానీ తొందరపడి చేస్తే ఇంజిన్‌కే ముప్పు.

అసలు బండి ఎందుకు కాగుతోందో ముందు తేల్చుకోండి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఇంజిన్‌లో సున్నం, తుప్పు మడ్డి కట్టి ఉంటాయి. రేడియేటర్ గొట్టాలు సగం పూడిపోయి ఉంటే ఎంత గట్టి పంపు పెట్టినా లాభం లేదు. పైగా ఆ మడ్డి వచ్చి కొత్త పంపులోనే ఇరుక్కుంటుంది. రేడియేటర్ ట్యాంకులు విప్పించి శుభ్రం చేయించండి. ఇంజిన్ బ్లాకును కోర్ ప్లగ్‌లు (బ్లాకు పక్కన బిరడాల్లా ఉండే లోహపు మూతలు) తీసి, స్వచ్ఛమైన నీళ్లు వచ్చేదాకా కడిగించండి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా చూపించండి, అది వెనకబడినా బండి కాగుతుంది. ఇవన్నీ చేశాక కాగడం ఆగిపోతే పంపు ఖర్చు మిగిలినట్టే.

మార్క్ 2లో ఉండే ఈ 1489 సీసీ ఇంజిన్‌లో ఫ్యాన్ వాటర్ పంపు పుల్లీకే బిగించి ఉంటుంది. అదే బెల్ట్, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోనూ తిప్పుతుంది. అంటే పాత పంపు ఊడబీకితే ఫ్యాను పోతుంది, బెల్ట్ కొలత మారుతుంది, ఛార్జింగ్ దెబ్బతింటుంది. నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. ఒక స్పేర్ పంపు కొని, లోపల నీళ్లను తోసే రెక్కల చక్రం (ఇంపెల్లర్) మాత్రం తీయించి, షాఫ్టూ బేరింగూ ఉంచేయడం. బెల్ట్, ఫ్యాన్ ఎప్పటిలాగే తిరుగుతాయి, నీళ్లు మాత్రం ఎలక్ట్రిక్ పంపు తిప్పుతుంది. బండితో వచ్చిన అసలు పంపును ముట్టుకోకుండా గ్రీజు రాసి దాచండి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే అది అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కాబట్టి దేన్నీ కోయవద్దు, వెల్డింగ్ చేయవద్దు. రేపు కావాలంటే అన్నీ విప్పి పాతవి బిగించుకునేలా ఉండాలి.

ఇక కరెంటు లెక్క. ఆ కాలపు లూకాస్ డైనమోలు ఇచ్చేది సాధారణంగా 22 ఆంపియర్ల దాకా, అదీ ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడు. సిగ్నల్ దగ్గర దాదాపు ఏమీ ఇవ్వవు. పంపు ఏడు నుంచి పది ఆంపియర్లు లాగుతుంది, హెడ్‌లైట్లు ఇంకో పది. ఎలక్ట్రిక్ ఫ్యాను కూడా పెడితే మరో పది, పదిహేను. వానాకాలం రాత్రి వైపర్లూ తోడైతే బ్యాటరీ నిలబడదు. ముందు డైనమో బదులు, ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పెట్టించి, తర్వాతే పంపు జోలికి వెళ్లండి. పాత మోరిస్‌లు, ఆ కాలపు ఇతర బ్రిటిష్ బండ్లు ఉన్నవాళ్లకు ఇంకో మాట. వాటిలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. చూసుకోకుండా కలిపితే పంపు కంట్రోలర్ (ఇంజిన్ వేడిని బట్టి పంపును నడిపే పెట్టె) కాలిపోతుంది.

వైరింగ్‌లో పిసినారితనం వద్దు. లావు వైరు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), పంపు డబ్బాలో చెప్పిన ఫ్యూజు తప్పనిసరి. ఎర్త్ వైరును తుప్పు పట్టిన బాడీ బోల్టుకు కాకుండా నేరుగా బ్యాటరీకే తీసుకెళ్లండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఓ మే నెల మధ్యాహ్నం, సూర్యాపేట దాటాక, మీటర్ ముల్లు పైకెక్కి, ఉన్నట్టుండి కిందికి దిగింది. "చల్లబడిందిలేరా, పోనీ" అన్నారు నాన్న. పోనిచ్చాను. బాడీకి బిగించిన ఎర్త్ వదులై పంపు ఎప్పుడో ఆగిపోయింది. నీళ్లు మరిగి బయటకు పోయాయి. నీళ్లు తగలని సెన్సార్ తక్కువ వేడి చూపించింది. ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు వంగింది.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త నాకు అక్కడే తెలిసింది. పాత పంపు చెడేముందు చెబుతుంది: నీళ్లు కారుతుంది, గరగరలాడుతుంది. బెల్ట్ తెగితే ఛార్జింగ్ ఎర్రలైటు వెలుగుతుంది. ఎలక్ట్రిక్ పంపు చప్పుడు లేకుండా ఆగిపోతుంది. అందుకని దానికి నోరు మనమే పెట్టాలి. పంపుకు కరెంటు వెళ్లకపోయినా, ఇంజిన్ వేడి హద్దు దాటినా మోగే బజర్ పెట్టించండి. నీటి మట్టం తగ్గితే వెలిగే లైటు ఇంకా మంచిది. ముల్లు పైకెక్కినా, హఠాత్తుగా దిగినా పక్కకు ఆపండి. మూత మాత్రం వెంటనే తీయవద్దు, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. అరగంటైనా ఆగి, తాకితే చల్లగా ఉందనిపించాకే మందపాటి గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పండి.

పంపును రేడియేటర్ కింది హోస్ పైపులో, వీలైనంత కిందుగా, సైలెన్సర్ పైపుకు దూరంగా పెట్టాలి. దాని మీది బాణం ఇంజిన్ వైపు చూడాలి. ప్లాస్టిక్ బాడీ కాబట్టి క్లిప్పులు మరీ బిగించవద్దు. కంట్రోలర్ ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) తీసేయమని తయారీదార్లు చెబుతారు. కంట్రోలర్ లేకుండా నేరుగా నడిపితే థర్మోస్టాట్ ఉంచండి, లేకపోతే ఇంజిన్ వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రేడియేటర్ మూత పాత ఒత్తిడిదే వాడండి. కొత్త కార్ల మూత పెడితే పాత ఇత్తడి అతుకులు విడిపోతాయి.

నీళ్లు నింపేటప్పుడు బండి ముందు భాగం ఎత్తులో ఉండాలి. డిస్టిల్డ్ వాటరు, రాగి-ఇత్తడి రేడియేటర్లకు సరిపోతుందని డబ్బా మీద రాసి ఉన్న కూలెంటు వాడండి. మూత తీసి ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంపు ఒక్కటే నడపండి. ఈ సౌకర్యం బెల్ట్ పంపుకు లేదు. బుడగలు ఆగేదాకా హోస్ పైపులు పిసుకుతూ, మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండండి. లీకులు కూడా చల్లగా ఉండగానే బయటపడతాయి. ఇంజిన్ ఆపి తాళం తీశాక రెండు నిమిషాలు పంపు తిరిగేలా పెట్టుకుంటే బానెట్ కింద వేడి తగ్గుతుంది, పెట్రోలు ఆవిరై బండి మొరాయించడమూ తగ్గుతుంది. ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసినవాళ్లకు దీని విలువ తెలుసు.

మొదటి వారం ఊరు దాటవద్దు. సాయంత్రం ఐదారు కిలోమీటర్లు తిరిగొచ్చి, మర్నాడు చల్లని ఇంజిన్ మీద నీటి మట్టం చూడండి, క్లిప్పులు ఇంకోసారి బిగించండి. దూరప్రయాణానికి డిక్కీలో ఐదు లీటర్ల నీళ్లు, రెండు ఫ్యూజులు, ఒక రిలే, కాస్త వైరు పెట్టుకోండి. గ్రీజు రాసి దాచిన ఆ పాత పంపును, దాని గ్యాస్కెట్‌తో సహా, ఇంట్లో కాకుండా డిక్కీలోనే ఉంచండి.