కలిసి కోడ్ రాద్దాం - 4వ పాఠం: అందరిదీ ఒకే రాత

పోయిన పాఠంలో తోతాపురి మామిడి ధరలు నమోదు చేసే చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌ను గిట్‌లో (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం) పెట్టుకున్నాం. దాన్ని ఇప్పుడు తిరుపతిలో ఒకరు, చిత్తూరులో ఒకరు రాస్తున్నారనుకుందాం. ఒకరు ట్యాబ్ కొడతారు, ఇంకొకరు నాలుగు స్పేస్‌లు. ఈ రెండూ ఒకే బ్లాకులో కలగాపులగమైతే పైథాన్ 3 ట్యాబ్ఎర్రర్ లాంటి తప్పు చూపించి ఆగిపోతుంది.

ఏది మంచిదని వాదించుకోకండి. పైథాన్ వాళ్ల కోడ్ రాత నియమాల పత్రం పెప్ 8 (2001) నాలుగు స్పేస్‌లు, వరుసకు 79 అక్షరాలు అంటుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కోడ్‌లో ఎనిమిది అక్షరాల వెడల్పు ట్యాబ్. రెండూ బాగానే నడుస్తున్నాయి. మనది పైథాన్ కాబట్టి బ్లాక్ (Black) అనే ఫార్మాటర్, అంటే కోడ్ రాతను తానే ఒకే తీరుగా సర్దే సాధనం, పెట్టుకుందాం. అది వరుసకు 88 అక్షరాలు తీసుకుంటుంది. ఆ సంఖ్య నచ్చకపోయినా అలాగే ఉంచేయమంటాను.

పాత కోడ్‌ను మార్చేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. ముందు పెండింగ్‌లో ఉన్న పుల్ రిక్వెస్టులన్నీ (మా మార్పు కలపండని పంపినవి) కలిపేయండి, లేకపోతే ప్రతిదాంట్లో కాన్‌ఫ్లిక్టులు, అంటే ఒకే వరుస మీద రెండు మార్పులు ఢీకొనడం, వస్తాయి. తర్వాత ఫార్మాటర్ నడిపి, ఆ మార్పును విడిగా ఒకే కమిట్‌గా (గిట్‌లో ఒకసారికి నమోదయ్యే మార్పు) పెట్టండి. అందులో ఒక్క బగ్ సవరణ కూడా దూర్చకండి. వందల వరుసల మధ్య దాన్ని ఎవరూ గమనించరు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఏ వరుస ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ ఆదేశం కొడితే, మారిన ప్రతి వరుసా ఫార్మాటర్ నడిపినవాళ్లే రాసినట్టు చూపిస్తుంది. ఆ కమిట్ హ్యాష్‌ను (దాని గుర్తింపు కోడ్), కుదించకుండా మొత్తం, ఒక ఫైల్లో రాసి ఆ ఫైలు పేరు గిట్ సెట్టింగుల్లో ఇవ్వండి. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఈ సదుపాయం ఉంది. అప్పుడు చాలావరకు అసలు రాసినవాళ్ల పేర్లే కనిపిస్తాయి.

ఇకమీదట ఫార్మాట్ తప్పులు మనిషి చెప్పకూడదు, ఆటోమేటిక్ పరీక్షే చెప్పాలి. ఎస్వీ యూనివర్సిటీలో చదివే అమ్మాయి మొదటిసారి కోడ్ పంపితే, స్పేస్‌ల మీద పది కామెంట్లు పెట్టి పంపకండి. చాలామంది మళ్లీ రారు. ఆ కామెంట్లేవో ఆమె లాజిక్ మీద పెట్టండి, నేర్చుకుంటుంది.

పేర్ల సంగతి మాత్రం ఫార్మాటర్‌కు పట్టదు. వేరియబుల్‌కు ఉత్త 'ధర' అని పేరు పెడితే కిలోకా, టన్నుకా? పేరులోనే కొలత ఉండాలని కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో (కోడ్ పంపేవాళ్లకు నియమాలు చెప్పేది) రాసుకోండి.

అభ్యాసం: మన ప్రోగ్రామ్‌లో కొలత తెలియని పేర్లన్నీ వెతికి మార్చండి, ఫార్మాటింగ్‌తో కలపకుండా వేరే కమిట్‌లో. వచ్చే పాఠంలో ఆ ఆటోమేటిక్ పరీక్షను అమర్చుకుందాం.