'బ్లైటీ'ని ఎక్కడ వాడాలి, తెలుగులో ఎలా చెప్పాలి

బ్రిటిష్‌వాళ్లు తమ దేశాన్ని ముద్దుగా పిలుచుకునే పాత మాట 'బ్లైటీ'. తెలుగు చేసేటప్పుడు దీన్ని 'మాతృభూమి' అని రాస్తే వాక్యం చెడిపోతుంది. మాతృభూమి వేదికమీది మాట, బ్లైటీ సిపాయిల నోట నలిగిన మాట. అందులో ప్రేమ ఉంది గానీ బరువు లేదు. ఆ తేలికదనాన్ని నిలబెట్టడమే అసలు పని.

ముందు పుట్టుక తెలుసుకోండి. అరబ్బీ మూలమున్న 'విలాయత్' అంటే ఒకరి ఏలుబడిలోని ప్రాంతం. హిందుస్తానీలో అది పరదేశమై, క్రమంగా ఇంగ్లండుకు పేరయింది. అక్కడి సరుకు 'విలాయతీ'. కొన్ని యాసల్లో 'బిలాయతీ'. సోడానీళ్లను 'బిలాయతీ పానీ' అనేవారు. ఇక్కడ కొలువు చేసిన బ్రిటిష్ సిపాయిల నోట అదే బ్లైటీ అయింది. మనవాళ్లు 'పరాయిది' అన్న మాటే వాళ్లకు సొంతిల్లయింది!

మీ ముందున్న పాఠం ఏ కాలానిదో తర్వాత చూడాలి. 1914-18 యుద్ధకాలపు ఉత్తరమైతే అందులో ఇంటిమీద నిజమైన బెంగ ఉంటుంది. అప్పుడే 'బ్లైటీ వన్' అన్న మాట కూడా తగులుతుంది. అది ప్రాణం తీయకుండా, మళ్లీ పోరాడలేని స్థితి తెచ్చి, సిపాయిని స్వదేశానికి చేర్చే గాయం. దాన్ని 'స్వదేశీ గాయం' అంటే అర్థం పోతుంది. 'ఇంటికి పంపే దెబ్బ' అనండి. గాయపడినవాడి ఊరట కూడా వినబడుతుంది.

ఇప్పటి రాతల్లో ఆ బెంగ పలచబడింది, చిరునవ్వు కలిసింది. స్పెయిన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న బ్రిటిష్‌వాళ్లు, సెలవులు ముగించుకుని తిరుగుముఖం పట్టినవాళ్లు ఎక్కువగా అంటారు. 2009 నుంచి 2013 దాకా బ్రిటన్‌లో ఇదే పేరుతో ఒక టీవీ ఛానెల్ నడిచింది. పాతకాలపు వాసనే ఈ మాటకు ఇప్పటి బలం.

మీరే ఇంగ్లీషులో వాడదలిస్తే ముందు 'ది' చేర్చకండి. ఇది దేశం పేరులాంటిది. 'బ్యాక్ ఇన్ బ్లైటీ', 'గుడ్ ఓల్డ్ బ్లైటీ', 'డియర్ ఓల్డ్ బ్లైటీ' అన్న జంటల్లో సహజంగా ఒదుగుతుంది. వీసా దరఖాస్తులో, ఆఫీసు ఉత్తరంలో, సంతాప సందేశంలో వద్దు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ వాళ్లతో కాస్త ఆచితూచి వాడండి. దేశమంతటికీ చెప్పే మాటే అయినా ఇంగ్లండ్ వాసన ఎక్కువ. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు స్నేహితుల మధ్య సరదాగా అనుకోవచ్చు. కొత్తగా పరిచయమైనవాళ్ల దగ్గర మాత్రం అనుకరణలా వినిపించే ప్రమాదముంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు 'సీమ' అనాలనిపిస్తుంది. సీమదొర, సీమసరుకు, సీమచింత, సీమపంది అన్నప్పుడు మన 'సీమ' చేసేది విలాయతీ పనే. కానీ 'సీమకు వెళ్లాలనుంది' అని రాస్తే ఈనాటి పాఠకుడు రాయలసీమకే వెళ్తాడు. పైగా సీమ మన వైపు నుంచి చూసి పెట్టిన పేరు, బ్లైటీ వాళ్ల వైపు నుంచి పలికేది. కాబట్టి తెల్ల సిపాయి నోట 'సీమ' పెట్టకండి. దొరగారి బంట్రోతు నోటయితే చక్కగా అతుకుతుంది.

సిపాయి తోటివాడితో అంటుంటే 'మనూరు', 'మన దేశం', ఒక్కోసారి వట్టి 'ఇల్లు' చాలు. 'ఎప్పుడు పోతాంరా మనూరికి' అన్నదాంట్లో బ్లైటీ పూర్తిగా దిగుతుంది. ఊరు అనగానే పల్లె గుర్తొచ్చి సందర్భం తికమకయ్యే చోట 'మన దేశం' వాడండి. 'పుట్టినగడ్డ' మళ్లీ వేదికెక్కుతుంది. మాట చరిత్రే విషయమైన వ్యాసంలో మాత్రం బ్లైటీని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు వాక్యంలోనే అర్థం తెలిసేలా రాయండి.