రేంజ్ చార్ట్‌లో దొంగ అలారాలు: నాకు పనిచేసిన పద్ధతి

విశాఖ ఆటోనగర్‌లో మా వర్క్‌షాప్‌లో షాఫ్టుల రనౌట్‌కి (తిప్పితే ఎంత ఊగుతుందో ఆ కొలతకి) రేంజ్ చార్ట్ వేస్తాం: శాంపిల్‌కి 5 ముక్కలు, వాటిలో పెద్ద రీడింగ్‌కీ చిన్నదానికీ ఉన్న తేడా (రేంజ్) ఒక చుక్క. చుక్క పైగీత (పై హద్దు) దాటితే అలారం. లేత్ బాగానే ఉన్నా చుక్క తరచూ పైగీత దాటేది, అవే దొంగ అలారాలు, ఫోర్‌మన్‌కి టెన్షన్. డయల్ గేజ్ మార్చాం, ఆపరేటర్‌ని మార్చాం, శాంపిల్ పెంచాం, ఫలితం సున్నా.

చివరికి పాత రీడింగులన్నీ ఎక్సెల్‌లో పోసి హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే బొమ్మ) గీశాను. సున్నా దగ్గర గుంపు, కుడివైపు పొడవాటి తోక. రనౌట్ సున్నా కిందికి పోదు కదా! పైగీత కోసం సగటు రేంజ్‌ని గుణించే 2.114 గుణకం నార్మల్ పంపిణీకి (రెండువైపులా సమానంగా ఉండే గంట ఆకారానికి) లెక్కగట్టినది. నార్మల్ అయితే దొంగ అలారం వెయ్యి చుక్కలకి 5 లోపే. అదే గుణకం ఎక్స్‌పొనెన్షియల్ పంపిణీకి (సున్నా దగ్గర గుంపు, కుడికి తోక ఉన్నదానికి) వాడితే వెయ్యికి 48 దాకా వస్తాయి. రేంజ్ అంటే ఇద్దరు చివరివాళ్ల గొడవే, తోక మొత్తం అక్కడే బయటపడుతుంది. తమాషా ఏమిటంటే, యూనిఫాం పంపిణీలో (అన్ని విలువలూ సమానంగా వచ్చేదానిలో) పైగీత మొత్తం వెడల్పుకి 1.4 రెట్లు, ఇక అలారం మోగదు.

తర్వాత ఆ తోకని కుదించడానికి లాగ్ (లాగరిథమ్) తీద్దామనుకున్నాను. ముందు ప్రతి రీడింగ్‌కీ 0.005 మి.మీ. కలిపాను, సున్నాకి లాగ్ ఉండదు కాబట్టి. గేజ్ లీస్ట్ కౌంట్ (అది చూపగలిగే అతి చిన్న కొలత) 0.01, అందులో సగం. ఆపైన లాగ్ తీసి, లాగ్ విలువల మీదే రేంజ్, సగటు రేంజ్, కొత్త పైగీత లెక్కగట్టాను. మళ్లీ హిస్టోగ్రామ్ చూస్తే రెండువైపులా దాదాపు సమానం. దొంగ అలారాలు బాగా తగ్గాయి.

అందరికీ కుదురుతుందని చెప్పను. రెండు మెషీన్ల సరుకు కలిసిపోతే లాగ్ ఏమీ చేయలేదు. రీడింగులు గేజ్‌లో రెండు మూడు గీతలకే పరిమితమైతే, లాగ్ తీశాక చిన్న విలువలే రేంజ్‌ని ఉబ్బిస్తాయి. అప్పుడు ముందు మంచి గేజ్ చూసుకోండి.