డెంప్‌స్టర్ హైవే మీదికి బయలుదేరే ముందు

కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, డాసన్ సిటీకి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో క్లాండైక్ హైవే నుంచి ఒక కంకర రోడ్డు చీలి ఉత్తరానికి సాగుతుంది. అదే డెంప్‌స్టర్ హైవే. 1979లో పూర్తిగా తెరిచిన ఈ రోడ్డు సుమారు 740 కిలోమీటర్లు నడిచి, ఆర్కిటిక్ వృత్తాన్ని దాటి ఇనూవిక్ పట్టణం చేరుతుంది. అక్కడి నుంచి 2017 నవంబరులో తెరిచిన మరో 140 కిలోమీటర్ల రోడ్డు టక్టోయాక్టక్ వద్ద ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున ఆగుతుంది. కాల్గరీ, ఎడ్మంటన్, వాంకూవర్‌లలో స్థిరపడిన మనవాళ్లలో చాలామంది వేసవి సెలవుల్లో సొంత కారులో ఈ దారి పట్టాలని ఆశపడుతున్నారు. ఆ ఆశ తీర్చుకోదగినదే. అయితే ఈ రోడ్డు మీద ఊరికీ ఊరికీ మధ్య దుకాణం, మెకానిక్, ఫోన్ సిగ్నల్ ఏదీ ఉండదు కనుక, మనం ఏది వెంట తీసుకువెళ్తే అదే మనకు దిక్కు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని సామాను సర్దుకోవాలి.

డెంప్‌స్టర్ అనే పేరు వెనుక ఉన్న కథ తెలిస్తే ఈ మాట ఎంత నిజమో బోధపడుతుంది. 1910 డిసెంబరులో ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే పోలీసు ఇన్‌స్పెక్టర్ మరో ముగ్గురితో కలిసి ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు కుక్కల బండ్ల మీద బయలుదేరాడు. త్వరగా చేరాలన్న తపనతో తిండి తక్కువగా తీసుకున్నాడు. దారి తెలిసిన, స్థానిక గ్విచిన్ తెగకు చెందిన మనిషిని కొద్ది రోజులకే వెనక్కి పంపేశాడు. మలుపు తిరగవలసిన వాగు దొరక్క, వెనుదిరిగినా ఆలస్యమై, చివరికి బండి లాగే కుక్కలనే తింటూ నలుగురూ మరణించారు. 1911 మార్చిలో వారి శవాలను వెదికి పట్టుకున్న కార్పొరల్ డెంప్‌స్టర్ పేరే ఈ రోడ్డుకు పెట్టారు. ఫిట్జ్‌జెరాల్డ్ అనుభవం లేనివాడేమీ కాదు. ఆలస్యానికి సరిపడా మిగులు ఉంచుకోకపోవడమూ, స్థానికుడి తోడు వదులుకోవడమూ ఆ నలుగురి ప్రాణాల మీదికి తెచ్చాయి. నేటి ప్రయాణికుడు కూడా ఈ రెండింటి దగ్గరే పొరపాటు పడుతుంటాడు.

ముందుగా ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోవాలి. దారిలో పీల్, మెకెంజీ నదులున్నాయి. వాటి మీద వంతెనలు లేవు. వేసవిలో వాహనాలను ఫెర్రీ దాటిస్తుంది. గోదావరి మీద పంటు ఎక్కినవారికి ఆ పద్ధతి కొత్తగా తోచదు. చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బండ్లు నడుస్తాయి. వసంతంలో మంచు పగిలే వారాలలోనూ, శరదృతువు చివర నీరు గడ్డకట్టే వారాలలోనూ రెండు మార్గాలూ మూసుకుపోతాయి కనుక, జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు ఉన్న కాలమే మొదటిసారి వెళ్లేవారికి తగినది. నా అభిప్రాయంలో ఆగస్టు చివరి పది రోజులు అన్నింటికన్నా మేలు, ఎందుకంటే అప్పటికి దోమలు తగ్గుతాయి, చెట్లు పెరగని టుండ్రా నేల అంతా కుంకుమ రంగుకు తిరుగుతుంది. నదులు పొంగినా, వాన రోడ్డును కోసినా ఒకటి రెండు రోజులు ఆగిపోవడం మామూలే. డాసన్ నుంచి సముద్రం దాకా వెళ్లి రావడానికి సుమారు 1,840 కిలోమీటర్లు అవుతుంది. దీనికి ఆరు రోజులు పెట్టుకుని, ఆపైన మరో రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. తిరుగు ప్రయాణపు మర్నాడే ఆఫీసుకు హాజరు కావాలని లెక్కవేసుకున్నవారు ఈ రోడ్డు మీద తొందరపడతారు, తొందరలోనే టైర్లు చీలతాయి.

అద్దె కారు తీసుకునేవారు ఒప్పంద పత్రం చివరిదాకా చదవాలి. చాలా ఒప్పందాలు కంకర రోడ్ల మీద జరిగే నష్టానికి పూచీ పడవు, కొన్ని ఈ రోడ్డు మీదికి వెళ్లడాన్నే నిషేధిస్తాయి. సొంత కారైనా, బీమా ముందు అద్దానికి వర్తిస్తుందా, రోడ్డు మధ్యలో ఆగిపోతే బండిని లాక్కువచ్చే ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. వందల కిలోమీటర్ల దూరం నుంచి బండిని లాగించడం చాలా ఖరీదైన పని.

ఇక టైర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పరీక్ష అక్కడే ఉంది. ఈ ప్రాంతంలో నేల ఏడాది పొడవునా లోపల గడ్డకట్టి ఉంటుంది. రోడ్డు వేడికి అది కరిగి కుంగిపోకుండా, మీటరుకు మించిన మందంతో కంకర దిమ్మ పోసి, దాని మీద రోడ్డు నడిపారు. ఆ కంకరలో పలకలుగా చీలే షేల్ రాయి చాలా చోట్ల ఉంది. దాని అంచు అడకత్తెర అంత పదునుగా ఉంటుంది. మామూలు కారు టైర్ల పక్క గోడలు దీనికి తట్టుకోలేవు. లారీలకు, పికప్‌లకు వాడే పదిపొరల బలం గల టైర్లు వేయించుకోవడం ఉత్తమం. స్టెపినీ ఒకటి చాలదు, రెండు ఉండాలి, రెండూ పూర్తి సైజువి ఉండాలి. తాత్కాలికంగా నడపడానికి ఇచ్చే సన్నటి స్టెపినీ ఈ కంకర మీద ఎందుకూ పనికిరాదు. పంక్చర్ అతికించే కిట్, కారు బ్యాటరీతో నడిచే గాలి పంపు, గాలి ఒత్తిడి కొలిచే మీటరు కూడా ఉంచుకోవాలి. పెద్ద టైరు దుకాణాలు యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో ఉంటాయి, కనుక ఈ పనులన్నీ అక్కడే ముగించుకోవడం మంచిది.

మా మొదటి ప్రయాణంలో ఓగిల్వీ నది దాటాక వెనుక ఎడమ టైరు చీలింది. జాకీ, వీల్ స్పానర్ రెండూ డిక్కీలో అడుగున ఉండటంతో, సామానంతా రోడ్డు పక్కన దించవలసి వచ్చింది. జాకీ పెట్టి తిప్పుతుంటే బండి పైకి లేవడానికి బదులు జాకీయే కంకరలోకి దిగిపోయింది. బండి కింద వేలాడే స్టెపినీని దించే గొలుసు మీద బురద ఎండి సిమెంటులా గట్టిపడింది. దాన్ని స్క్రూడ్రైవరుతో గీకి వదిలించేసరికి గంట పట్టింది. అప్పటి నుంచి రెండడుగుల పొడవున్న మందపాటి చెక్క పలకను జాకీ కిందికని ప్రత్యేకంగా తీసుకువెళ్తున్నాను, పనిముట్లను డిక్కీ తలుపు తెరవగానే చేతికందేలా పెడుతున్నాను, ప్రతి సాయంత్రం ఆ గొలుసును ఒకసారి తిప్పి చూస్తున్నాను. మీరు కూడా బయలుదేరే ముందు ఇంటి ముందే, ఎవరి సాయమూ లేకుండా, ఒక చక్రం విప్పి మళ్లీ బిగించి చూడండి. ఆ ప్రయత్నంలో ఏ పనిముట్టు లేదో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

పెట్రోలు లెక్క సులభమే కానీ తప్పకూడదు. డాసన్‌లో ట్యాంకు నింపాక, తర్వాతి బంకు ఈగిల్ ప్లెయిన్స్‌లో ఉంది; అది హైవే మొదలు నుంచి 369వ కిలోమీటరు, అంటే డాసన్ నుంచి సుమారు 410 కిలోమీటర్లు. ఆపైన ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌లోనూ, ఇనూవిక్‌లోనూ దొరుకుతుంది. వంద కిలోమీటర్లకు 12 లీటర్లు తాగే బండికి మొదటి విడతకే దాదాపు 50 లీటర్లు కావాలి. తడి కంకర మీద, ఎదురుగాలిలో ఇంకా ఎక్కువ తాగుతుంది కనుక, 20 లీటర్ల డబ్బా ఒకటి బండి పైకప్పుకు కట్టి ఉంచుకోవడం తెలివైన పని. దాన్ని కారు లోపల మాత్రం పెట్టకూడదు.

నడిపేటప్పుడు గంటకు 70 కిలోమీటర్లకు మించకుండా, షేల్ కనిపించిన చోట ఇంకా తగ్గించి వెళ్లాలి. హెడ్‌లైట్లు పగలు కూడా వెలిగించే ఉంచాలి. ఎదురుగా లారీ వస్తే వేగం బాగా తగ్గించి కుడివైపుకు ఒదగాలి, లేకపోతే అది విసిరే రాయి ముందు అద్దాన్ని పగలగొడుతుంది. దుమ్ము లేవకుండా రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. వాన పడితే అది బురదతో కలిసి రేగడి నేలలా జారుతుంది. కొన్ని చోట్ల రోడ్డు హఠాత్తుగా వెడల్పవుతుంది. అవి అత్యవసరంగా విమానాలు దిగే చోట్లు, అక్కడ బండి ఆపకూడదు. జూన్, జూలైలలో అర్ధరాత్రి కూడా వెలుతురు ఉంటుంది కనుక అలసట తెలియక నడుపుతూనే ఉంటాము. ఎన్ని గంటలు నడపాలో గడియారం చూసి నిర్ణయించుకోవాలి, పడుకునేందుకు కళ్లకు కట్టుకునే గుడ్డ తీసుకెళ్లాలి.

ఆహారం విషయంలో మన వంటలు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. పులిహోర మొదటి రోజు మధ్యాహ్నానికి, చపాతీలు రెండో రోజుకు వస్తాయి. ఆ తర్వాత అటుకులు, వేయించిన రవ్వ, కందిపొడి, నువ్వులపొడి, చిన్న గ్యాసు స్టవ్ ఉంటే ఎక్కడైనా వేడి భోజనం చేయవచ్చు. అనుకున్న రోజుల కంటే కనీసం మూడు రోజుల తిండి అదనంగా ఉంచుకోవాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున తాగునీరు నింపుకోవాలి. వాగు నీరు వాడవలసి వస్తే మరిగించాలి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఇది గ్రిజ్లీ, నల్ల ఎలుగుబంట్లు తిరిగే చోటు. ఆవకాయ, ఇంగువ వాసన మనకు ఎంత ఇష్టమో వాటి ముక్కుకు అంత దూరం నుంచి తెలుస్తుంది. డేరాలో తినడం గానీ, తిండి దాచడం గానీ చేయకూడదు. గిన్నెలు, టూత్‌పేస్టుతో సహా అన్నీ కారులో పెట్టి తలుపు వేయాలి. ఎలుగుబంటి స్ప్రేను విమానంలో ఎక్కించనివ్వరు కనుక వైట్‌హార్స్‌లో కొని, సంచి అడుగున పడేయకుండా నడుముకు తగిలించుకోవాలి. దోమల కోసం తల మీదుగా వేసుకునే వల మనిషికొకటి తప్పనిసరి. జూలైలో కూడా రాత్రి చలి వణికిస్తుంది. ఉన్ని బట్టలు, వానకోటు, చలికి తగిన పడక సంచి ఉండాలి.

మొబైల్ సిగ్నల్ ఊళ్ల దగ్గరే వస్తుంది. శాటిలైట్ ద్వారా సందేశం పంపే చిన్న పరికరం కొనండి, లేదా అద్దెకు తీసుకోండి. డాసన్ చేరకముందే దాన్ని వాడి చూసి, ఇంట్లోవారి ఫోనుకు సందేశం చేరిందని నిర్ధారించుకోండి. ఏ రోజు ఎక్కడ ఆగుతారో, ఏ సమయం దాటితే కంగారు పడాలో కాగితం మీద రాసి దగ్గరివారి చేతికివ్వండి. రోడ్డు స్థితిని యూకాన్ ప్రభుత్వపు 511 సేవలో బయలుదేరే రోజు ఉదయం కూడా చూడాలి. 71వ కిలోమీటరు వద్ద టూంబ్‌స్టోన్ పార్కు సమాచార కేంద్రం ఉంది. అక్కడ పనిచేసేవారిని ముందు రోడ్డు ఎలా ఉందని అడగండి. ఈగిల్ ప్లెయిన్స్‌లో భోజనానికి ఆగిన లారీ డ్రైవర్లను కూడా అడగండి, వారు అప్పుడే ఆ దారిన వచ్చినవారు. వారు వద్దంటే ఆగడమే.

తిరిగి డాసన్ చేరగానే ఇంటికి సందేశం పంపాక, బండిని కడిగించాలి. కాల్షియం క్లోరైడ్ ఇనుమును తింటుంది. చక్రాల వెనుక, బండి అడుగున, రేడియేటర్ రెక్కల మధ్య పట్టిన బురదంతా నీటి ధారతో పోయేదాకా కడగాలి. వదిలేస్తే ఒకే చలికాలంలో బ్రేకు గొట్టాల మీద తుప్పు కనిపిస్తుంది.