పక్కింటి కుక్క కరిస్తే ఖర్చులు రాబట్టుకోవడానికి లీగల్ సర్వీసెస్‌లో దరఖాస్తు ఎలా పెట్టాలి

పెంపుడు కుక్క కరిచింది, సూదులు, మందులు, పోయిన కూలీ డబ్బులు అడిగితే ఓనరేమో "మా వాడు ఎవర్నీ కరవడు, మీ పిల్లాడే రాయి వేసుంటాడు" అంటాడు. అప్పుడు చాలామంది కోర్టు గేటు దగ్గర ఎవరో ఒకరికి డబ్బులిచ్చేసి ఎదురుచూస్తా ఉంటారు. ఆ అవసరం లేదండి, ఈ దరఖాస్తుకి ఫీజే లేదు.

ముందు ఒక విషయం. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ప్రకారం తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడని ఓనర్‌కి 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2024 జులై 1కి ముందు జరిగిందైతే పాత ఐపీసీ 289 కిందకి వస్తుంది. ఆ జరిమానా మామూలుగా ప్రభుత్వానికి పోతుంది, మీ చేతికి రాదు. స్టేషన్‌లో కేసు పెట్టాం కదా డబ్బులు అవే వస్తాయిలే అని కూర్చుంటే రావు, పరిహారం విడిగా అడగాలి. దానికి అన్నిటికంటే తేలిక దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో (లీగల్ సర్వీసెస్ అనేది దీన్నే) ప్రీ లిటిగేషన్ పిటిషన్, అంటే కోర్టులో కేసు వెయ్యకముందే రాజీ కోసం పెట్టే దరఖాస్తు. కోర్టు కాంప్లెక్స్‌లోనే ఆఫీసు ఉంటుంది, చాలా మండలాల్లో మండల కమిటీ కూడా ఉంటుంది. ఎక్కడికి వెళ్ళాలో తెలీకపోతే 15100కి ఫోన్ చేసి అడగండి.

దరఖాస్తు తెల్ల కాగితం మీద తెలుగులోనే రాసివ్వొచ్చు. మీ పేరు, అడ్రస్, ఓనర్ పేరు, అడ్రస్, ఎప్పుడు ఎక్కడ ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఎంత అడుగుతున్నారు, అంతే. ఆధార్ జిరాక్స్, బిల్లుల జిరాక్స్ జత చెయ్యండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఆస్పత్రి కాగితం దగ్గర. కరవగానే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, దగ్గర్లో ఉన్న ప్రైవేటు క్లినిక్‌కి పోయి సూది వేయించుకుంటారు. వైద్యానికి అది సరే, కానీ ఆ చీటీలో "ఏఆర్‌వీ ఇచ్చాం" (అంటే రేబిస్ టీకా) అని ఒక్క ముక్క ఉంటుంది. గాయం ఎక్కడో లేదు, ఎంత లోతో లేదు, ఎవరి కుక్కో అసలే లేదు. రెండు నెలల తర్వాత ఓనర్ వచ్చి "అది వీధి కుక్క కరిచింది సార్" అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీకి కూడా వెళ్ళండి, టీకా ఉచితమే, గాయం లోతుగా ఉంటే సీరం (గాయం దగ్గర వేసే రేబిస్ మందు సూది) కూడా అవసరం పడుతుంది. డ్యూటీ డాక్టర్‌కి "ఫలానా వాళ్ళ పెంపుడు కుక్క కరిచిందండి, ఎంఎల్‌సీ రాయండి" అని నోరు తెరిచి చెప్పండి. ఎంఎల్‌సీ అంటే పోలీసు కేసయ్యే గాయాలకి ఆస్పత్రిలో రాసే రికార్డు. ఓపీ చీటీ చేతికి రాగానే అక్కడే నిలబడి చదవండి. తేదీ, టైమ్, గాయం ఏ చోట, "పెంపుడు కుక్క" అనే మాట, ఇవి లేకపోతే మర్యాదగా అడిగి రాయించుకోండి, వారం తర్వాత పోతే ఎవరూ మార్చరు. గాయాల సర్టిఫికెట్ మామూలుగా పోలీసుల లెటర్ మీదే ఇస్తారు కాబట్టి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి తీరాలి, ఎఫ్‌ఐఆర్ అయితే దాని కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోం పొమ్మంటే అదే ఫిర్యాదుని ఎస్పీకి, సిటీలో అయితే డీసీపీకి, రిజిస్టర్ పోస్టులో పంపండి, ఆ రసీదు దాచుకోండి.

ఇప్పటికే క్లినిక్ చీటీ ఒక్కటే ఉంది అనేవాళ్ళు కంగారు పడొద్దు. తేదీలున్న గాయం ఫోటోలు, టీకా కార్డు, చూసినవాళ్ళ పేర్లు, ఆ కుక్క ఆ ఇంట్లోనే ఉంటుందని తెలిపే ఫోటోలు, ఇవన్నీ పనికొస్తాయి. సీసీటీవీ ఉంటే మాత్రం వెంటనే కాపీ చేయించుకోండి, కొద్ది రోజులకే దాని మీద వేరే రికార్డింగ్ వచ్చేస్తుంది.

మనుషుల్ని కరవడం ఒక్కటే కాదు. కుక్క బండికి అడ్డం దూకి పడిపోతే రిపేర్ బిల్లు అడగొచ్చు, కోళ్ళనో మేకనో చంపితే పాతిపెట్టే ముందు ఫోటోలు తీసి పశువుల డాక్టర్‌తో రాయించుకుని ఆ విలువా అడగొచ్చు.

ఎంత అడగాలి అంటే, 2023లో పంజాబ్ హర్యానా హైకోర్టు ఒక్కో పంటి గాటుకి కనీసం 10,000 అని చెప్పిన మాట వాట్సాప్‌లో తిరుగుతా ఉంది. అది అక్కడి వీధి జంతువుల కేసుల్లో ప్రభుత్వం ఇవ్వాల్సిన పరిహారం, మీ పక్కింటాయనకి అది ఆటోమేటిక్‌గా వర్తించదు. బిల్లులు, దారి ఖర్చులు, పోయిన పని రోజులు, నొప్పికి కొంత, ఇలా లెక్క చూపించి అడిగితేనే నిలబడుతుంది.

దరఖాస్తు ఇచ్చాక ఓనర్‌కి నోటీసు వెళ్తుంది, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారు. ఓనర్ రాకపోయినా, ఒప్పుకోకపోయినా అక్కడ బలవంతం చెయ్యరు, అప్పుడు సివిల్ కోర్టే. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని కూడా ఉచితంగానే ఇస్తారు, అదే ఆఫీసులో అడగండి. రాజీ కుదిరితే లోక్ అదాలత్ (ఆ సంస్థ నడిపే రాజీ కోర్టు) అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు ఇస్తుంది, అది కోర్టు డిక్రీతో (సివిల్ తీర్పుతో) సమానం, దాని మీద అప్పీల్ లేదు. కాబట్టి సంతకం పెట్టేముందు మొత్తం ఎంత, ఏ తేదీ లోపల ఇవ్వాలి అనేది అందులో అంకెల్లో రాశారో లేదో చూసుకోండి. టీకా డోసులు ఇంకా మిగిలుంటే ఆ ఖర్చు కూడా కలిసిందా అని అడగండి. బయట తెల్ల కాగితం మీద "ఇక ఏ సంబంధం లేదు" అని రాయించుకుని రెండు వేలు చేతిలో పెట్టేవాళ్ళు ఉంటారు, పిటిషన్ తేలేదాకా అలాంటి దాని మీద సంతకం పెట్టొద్దు.