ఆర్‌సీసీబీ పరీక్షకు ముందు చూసుకోవాల్సినవి

కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్చే ఆర్‌సీసీబీ. బోర్డులో దాని 'టి' (టెస్ట్) బటన్ నొక్కగానే అది పడిపోయిందంటే (ట్రిప్ అయిందంటే) దాని లోపలి యంత్రాంగం బాగుందని మాత్రమే అర్థం. ఆ బటన్‌కు ఎర్త్‌తో పనిలేదు, ఎర్త్ తెగినా పడుతుంది. అందుకే ప్లగ్గు సాకెట్ల దగ్గర ఆర్‌సీసీబీ టెస్టర్‌తోనూ (కొలిచినంత లీకేజీ పంపి చూసే మీటరు) చూడాలి.

• లేబుల్ మీద 30 మిల్లీ ఆంపియర్లు ఉండాలి. 100, 300 రకాలు మనుషుల రక్షణకు చాలవు.

• ముందు ఎర్త్ సంగతి తేల్చుకోండి. అనంతపురం, కడప వైపు ఎండాకాలం ఎర్త్ గుంత ఎండి నెర్రెలిస్తుంది, చుట్టూ మట్టి కడ్డీని వదిలేస్తుంది. నీళ్లు పోయించి, ఎర్త్ నిరోధం కొలిచాకే ముందుకెళ్లండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ బల్బు పెట్టి చూడటం మాత్రం వద్దే వద్దు: ఎర్త్ తెగి ఉంటే ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషీన్ల ఇనుప ఒంటికంతా కరెంటు పాకుతుంది.

• పరీక్ష జరిగేంతసేపు ఎవరూ స్నానాల గదిలో ఉండకూడదు, మెషీన్లను ముట్టకూడదు.

• ఇన్వర్టర్ ఆపండి. ఫ్రిజ్, కంప్యూటర్, గీజర్ ప్లగ్గులు పీకేయండి. వాటి చిన్న లీకేజీ తోడైతే లెక్క తప్పుతుంది.

• ఒక్కో సర్క్యూట్‌లో బోర్డుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌ను టెస్టర్ పెట్టడానికి ఎంచుకోండి: వంటింటి గట్టు, గీజర్, మిద్దె మీది వాషింగ్ మెషీన్. బోరు మోటారు స్టార్టరుకు మీటరు నుంచే నేరుగా వైరు లాగి ఉంటే ఇంటి ఆర్‌సీసీబీ దాన్ని కాపాడదు.

• టెస్టర్ పంపే లీకేజీ 15 మిల్లీ ఆంపియర్లైతే ఆర్‌సీసీబీ పడకూడదు. 30కి 300 మిల్లీ సెకన్లలో, 150కి 40లో పడాలి.